గడ్డిపరక మీద శ్రుతి

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి బ్రహ్మోత్సవాలు వినాయక చవితినాడు మొదలై 21 రోజులు సాగుతాయి. హంస వాహనమో మూషిక వాహనమో బయలుదేరే వేళకు మేళం ముందే వచ్చి నిలబడుతుంది. డోలు ఆయన వేళ్లకు తొడుగులు సర్దుకుంటూ ఉంటాడు. నాదస్వరం ఆయన వాద్యాన్ని చంకలో పెట్టుకుని, దాని కొసన ఉండే చిన్న పీకను ఊడదీసి నోట్లో పెట్టుకుంటాడు. కాసేపు అది పెదవుల మధ్యే ఉంటుంది. తర్వాత తీసి వెలుతురుకు పట్టి చూస్తాడు, రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కుతాడు, వాద్యానికి దారంతో కట్టి వేలాడుతున్న సన్నని పుల్లను దాని నోట్లో దూర్చి తీస్తాడు. ఒకసారి ఊది చూస్తాడు. నచ్చకపోతే అదే దారానికి ఉన్న ఇంకో పీక అందుకుంటాడు.

చుట్టూ ఉన్న జనానికి ఇది కాలక్షేపంలా కనిపిస్తుంది. నిజానికి వాద్యం తయారీలో చివరి అంకం జరుగుతున్నది అప్పుడే. కర్ర తొలిచిన వడ్రంగి తన పని ముగించి ఎన్నో ఏళ్లయి ఉండవచ్చు. కానీ ఆ రోజు, ఆ ఎండకో తేమకో తగ్గట్టు శ్రుతి కుదరాలంటే వాయించేవాడే మిగతా పని పూర్తి చేయాలి. ఊపిరితో మోగే వాద్యాల్లో రీడ్, అంటే ఈ పీకలాంటి కంపించే నాలుక, ఉన్న ప్రతిదానికీ ఇది వర్తిస్తుంది. పెళ్లి ఊరేగింపు బ్యాండులో మెరిసే శాక్సోఫోన్‌కూ, గుడి ముందు నల్లటి నాదస్వరానికీ చుట్టరికం అక్కడే ఉంది. రెండింటిలోనూ గొట్టం మొదట్లో ఒక గడ్డిపరక ఉంటుంది. శ్రుతి సంగతంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ముందు నాదస్వరం చూద్దాం. దీనికి నిలువునా నాలుగు భాగాలు. కింద వెడల్పుగా విచ్చుకున్న గంట ఆకారపు అనసు. దానికి పైన పొడవాటి కర్ర గొట్టం, పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. గొట్టం పై కొసలో దూర్చిన చిన్న లోహపు నాళం, దాన్ని కెండై అంటారు. కెండై మీద కూర్చునేది పీక, మేళంవాళ్లు సీవాళి అని కూడా అంటారు. కర్రకు తమిళంలో ఆచ్చా అనే మానును వాడతారు. అది మనకు కొత్త చెట్టేమీ కాదు, రాయలసీమ కొండల్లో మనం నారేపి అని పిలిచేదే. కుంభకోణం దగ్గరి నరసింగంపేట నాదస్వరాల తయారీకి పేరుపడ్డ ఊరు, 2022లో ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి ఆచారులు పచ్చి కర్రను ముట్టరు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే దూలాలు, స్తంభాలు కొనుక్కుంటారు. దశాబ్దాల తరబడి ఇంటి కప్పు కింద ఆరిన కర్ర ఇక వంకర తిరగదు, చీలదు. ఊపిరి తేమ లోపల రోజూ పారే వాద్యానికి ఆ స్థిరత్వం చాలా అవసరం. తొలిచిన బోలు లోపల గరుకు మిగలకూడదు, పై నుంచి కిందికి వెడల్పయ్యే తీరు ఎక్కడా మెట్టు పడకూడదు. చేతి అంచనాతో ఆ పని చేసేవాళ్లను చూస్తే కొలతబద్ద కంటే ముందు వేలికొసే తప్పును పట్టుకుంటుందనిపిస్తుంది.

గొట్టం ముందు వైపు వేళ్లకు ఏడు రంధ్రాలు. ఇవి కాక కింది భాగంలో మరో ఐదు ఉంటాయి, వాటి మీద వేళ్లు ఆనవు. అవి శ్రుతి సరిచేసుకోవడానికి. వాటిలో అవసరమైనవాటిని మైనంతో మూస్తారు. రంధ్రాన్ని మూస్తే, లేదా సగం పూడిస్తే, లోపలి గాలి స్తంభం ఆ మేరకు పొడుగైనట్టు ప్రవర్తిస్తుంది, స్వరం కిందికి దిగుతుంది. మైనం గీరేస్తే పైకి ఎక్కుతుంది. గోరంత మైనంతో శ్రుతిని ఇటు అటు జరుపుకునే ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. మర లేదు, మీట లేదు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగిన దిద్దుబాటు.

నాదస్వరం పొడవు కూడా శ్రుతి కథలో ముఖ్యమైన ఘట్టమే. పాతకాలపు పొట్టి నాదస్వరాన్ని తిమిరి అంటారు. దాని శ్రుతి హెచ్చు, గొంతు చురుకు. అయితే అందులో శుద్ధ మధ్యమం తేటగా పలికేది కాదు. రంధ్రం సహజంగా ప్రతి మధ్యమం వైపే మొగ్గేది, శుద్ధ మధ్యమం కావాలంటే పెదవితో, ఊపిరితో కిందికి లాగి పట్టుకోవాలి. ఇరవయ్యో శతాబ్దంలో తిరువావడుదురై టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898–1956) అడిగిన దాన్ని నరసింగంపేట రంగనాథన్ ఆచారి చేసి చూపించాడు. గొట్టం పొడుగు చేసి, రంధ్రాల స్థానాలు మార్చి, శుద్ధ మధ్యమం నేరుగా పలికే బారి నాదస్వరాన్ని తీర్చాడు. శ్రుతి రెండు, రెండున్నర దాకా దిగింది, నాదం నిండుగా వచ్చింది. వాయించేవాడి ఇబ్బంది విని రంధ్రాన్ని కాస్త జరపగల వడ్రంగి దొరకడం సంగీత చరిత్రలో చిన్న విషయం కాదు. ఇప్పుడు తిరుపతిలో తితిదే నడిపే నాదస్వర డోలు పాఠశాల పిల్లలైనా, ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా (1924–1999) శిష్య పరంపర అయినా వాయించేది ఈ పొడుగు వాద్యాన్నే. చిన్న ముచ్చట ఒకటి: వినాయకుడి గుళ్లో తప్పక వినిపించే దీక్షితుల వాతాపి గణపతిం హంసధ్వనిలో ఉంది. ఆ రాగంలో మధ్యమమూ లేదు, ధైవతమూ లేదు. తిమిరి రోజుల్లో కూడా ఆ ఒక్క కీర్తనకు మధ్యమం బెడద ఉండేది కాదన్నమాట.

ఇక పీక. ఏటి ఒడ్డున పెరిగే నాణల్ అనే గడ్డి కాడ దీనికి ముడిసరుకు, మన కిక్కస గడ్డికి దగ్గరి జాతి. కోసిన కాడల్ని ముక్కలు చేసి, ఉడికించి, ఎండబెట్టి, చాలాకాలం నిలవ ఉంచుతారు. పచ్చదనం పూర్తిగా పోయాకే పనికి తీసుకుంటారు. నానబెట్టి మెత్తబడ్డాక రెండు పలుచని నాలుకలు ఎదురెదురుగా వచ్చేట్టు చదును చేసి, కింది కొసను సన్నగా కుదించి కెండైకి సరిపోయేలా దారం చుట్టి బిగిస్తారు. పైన విసనకర్రలా విచ్చుకున్న అంచు, కింద దారపు చుట్టు. రెండు నాలుకల మధ్య సన్నని చీలిక మాత్రమే మిగులుతుంది. ఊపిరి ఆ చీలికలోంచి వేగంగా దూసుకుపోయేటప్పుడు నాలుకలు దగ్గరికి లాగబడి మూసుకుంటాయి. గొట్టం అవతలి కొస నుంచి తిరిగి వచ్చే గాలి తరంగం వాటిని మళ్లీ తెరుస్తుంది. ఇది సెకనుకు వందలసార్లు జరుగుతుంది. ఎన్నిసార్లన్నది గొట్టం పొడవు శాసిస్తుంది. పెదవి నొక్కుడు దాన్ని కొద్దిగా పైకో కిందికో ఒప్పిస్తుంది. గమకం పుట్టేది ఆ ఒప్పించడంలోనే.

దారానికి వేలాడే పుల్ల పని ఇప్పుడు అర్థమవుతుంది. పూర్వం దాన్ని దంతంతోనో కొమ్ముతోనో చేసేవారు. చీలికలో ఉమ్మి చేరితే గాలి దారి మారుతుంది, స్వరం గొణుగుతుంది. పుల్లతో శుభ్రం చేస్తారు. చీలిక మరీ దగ్గరపడితే అదే పుల్లతో కొంచెం విప్పుతారు. మరీ తెరుచుకుంటే వేళ్లతో నొక్కి మూస్తారు. చీలిక విప్పిన కొద్దీ ఊపిరి ఎక్కువ పడుతుంది, నాదం పెద్దదవుతుంది, శ్రుతి కిందికి జారే ప్రమాదం ఉంటుంది. మూసిన కొద్దీ తేలిగ్గా పలుకుతుంది, కానీ గొంతు సన్నబడి శ్రుతి పైకి పోతుంది. ఊరేగింపులో నడుస్తూ గంటల తరబడి వాయించాల్సిన మనిషి ఈ రెండింటి మధ్య తనకు సరిపడే చోటు వెతుక్కుంటాడు. దారానికి రెండు మూడు పీకలు కట్టుకోవడం అందుకే, ఒకటి అలసిపోతే ఇంకొకటి.

ఇదే ఊపిరి, ఇదే గడ్డి బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ చేతిలో వేరే దారి పట్టింది. అతను 1846లో పారిస్‌లో శాక్సోఫోన్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఒళ్లంతా ఇత్తడి అయినా లెక్క ప్రకారం అది కర్ర వాద్యాల కుటుంబంలోదే, మోగించేది రీడ్ కాబట్టి. సైనిక బ్యాండులతో పాటు మన దేశానికి వచ్చింది, సంస్థానాల బ్యాండుల్లో చేరింది. మైసూరు రాజమందిరం బ్యాండులో దాన్ని విన్న ఒక నాదస్వర విద్వాంసుడి కొడుకు, దక్షిణ కన్నడ జిల్లాలో 1949లో పుట్టిన కద్రి గోపాలనాథ్, దాని మీద కర్ణాటక సంగీతం వాయించి తీరాలనుకున్నాడు. ఏళ్ల తరబడి సాధన చేసి సాధించాడు. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ వేదిక ఎక్కాడు. 2019లో కన్నుమూసేదాకా ఆయన పక్కన వయొలిన్‌తో ఎన్నో కచేరీలు పంచుకున్నది మన విజయనగరం నుంచి వెళ్లిన ఎ. కన్యాకుమారి. ఆయన రఘువంశ సుధాంబుధి విన్నవాళ్లు ఆ వాద్యాన్ని పరాయిదని అనుకోలేరు.

శాక్సోఫోన్ మీద మనవాళ్ల చూపు సాధారణంగా మీటల మీదే నిలుస్తుంది. ఆ మీటలు, కడ్డీలు, తోలు ప్యాడ్‌లు నిజంగా అందమైన యంత్రాంగమే, అది ఇంకో వ్యాసానికి సరిపడా విషయం. శ్రుతి తెలియాలంటే మాత్రం అరచేతిలో ఇమిడే మౌత్‌పీస్‌ను చేతిలోకి తీసుకోవాలి.

ఎక్కువగా ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో, కొన్ని లోహంతో చేస్తారు. ఒక కొస గుండ్రని గొట్టం, వాద్యం మెడ మీద తొడిగేందుకు. రెండో కొస పక్షి ముక్కులా వాలుగా ఉంటుంది, పై పళ్లు ఆనేది దాని మీద. తిప్పి కింది వైపు చూస్తే అసలు పనితనం కనిపిస్తుంది. వెనక భాగంలో చదునైన పీఠం, దాని మీద రీడ్ పడుకుంటుంది. పీఠం ముందు పొడవాటి కిటికీ, ఊపిరి లోపలికి పోయే దారి. కిటికీకి రెండు పక్కలా సన్నని అంచులు, ముందు కొసన వాటిని కలుపుతూ ఇంకా సన్నని కొస అంచు. పీఠం దాటాక ఆ పక్క అంచులు నేరుగా పోవు. కంటికి ఆననంత మెల్లగా రీడ్ నుంచి దూరంగా వంపు తిరుగుతాయి. ఆల్టో శాక్సోఫోన్‌లో ఈ వంపు పొడవు సుమారు 20 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ దూరం దాటి కొసకు చేరేసరికి రీడ్‌కూ అంచుకూ మధ్య ఏర్పడే ఖాళీ రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. సెల్మర్ కంపెనీ వాళ్ల ప్రసిద్ధమైన సి స్టార్ ఆల్టో మౌత్‌పీస్‌లో అది 1.7 మిల్లీమీటర్లు.

ఈ వంపును కొలిచే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. పీఠం మీద మిల్లీమీటరు గీతలున్న గాజు పలకను ఆనించి పట్టుకుంటారు. మిల్లీమీటరులో ఇరవై ఐదో వంతు మందం ఉన్న ఉక్కు పరకను కొస వైపు నుంచి గాజుకూ అంచులకూ మధ్య దూరుస్తారు. అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడ వంపు మొదలైనట్టు. గాజు మీది గీత చూసి రాసుకుంటారు. తర్వాత అంతకంటే మందమైన పరక, తర్వాత ఇంకా మందమైనది. ఇలా వంపు మొత్తం అంకెల్లోకి వస్తుంది. ప్రతిసారీ పరక ఎడమ అంచు దగ్గరా, కుడి అంచు దగ్గరా ఒకే గీతకు ఆగాలి. ఒక పక్క ముందు ఆగితే రీడ్ వంకరగా మూసుకుంటుంది, కీచుమంటుంది, చిన్నగా ఊదినప్పుడు పలకనంటుంది. సవరించాలంటే చదునైన గాజు మీద నున్నటి ఉప్పుకాగితం పరిచి, మౌత్‌పీస్‌ను దాని మీద ఒకటి రెండు సార్లు లాగి మళ్లీ కొలుస్తారు. తీసేసిన రబ్బరును తిరిగి పెట్టలేరు. అందుకే మంచి పనివాడు లాగే సమయం కంటే కొలిచే సమయం ఎక్కువ.

కిటికీలోంచి లోపలికి చూస్తే పైకప్పు కనిపిస్తుంది, దాని వెనక గుండ్రటి గది. పైకప్పు రీడ్‌కు దగ్గరగా కిందికి దిగి ఉంటే ఊపిరి ఇరుకులో వేగంగా పోతుంది, నాదం పదునుగా దూరానికి వినిపిస్తుంది. బ్యాండులో డప్పుల మధ్య నెగ్గాలంటే అది పనికొస్తుంది. పైకప్పు లోతుగా, గది విశాలంగా ఉంటే నాదం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. మంటపంలో మైకు ముందు కూర్చుని ఆలాపన చేసేవాడికి అదే మేలు.

పీఠం మీద పడుకునే రీడ్ వెదురు కాదు, వెదురు పోలికతో ఎత్తుగా పెరిగే అరుండో డొనాక్స్ అనే గడ్డి. ఫ్రాన్సు దక్షిణ తీరంలోని వార్ ప్రాంతం దానికి ప్రసిద్ధి. పారిస్‌లో 1905లో మొదలైన వాన్‌డోరెన్ కంపెనీ నేటికీ ఆ గడ్డితోనే రీడ్‌లు చేస్తోంది. రెండేళ్లు పెరిగిన కాడల్ని చలికాలంలో కోసి, ఎండలో బంగారు రంగుకు తిరిగేదాకా ఉంచి, నిలవబెట్టి, నిలువునా చీల్చి రీడ్‌లు కోస్తారు. రీడ్ వెనక భాగం చదును. ముందు భాగం మడమ దగ్గర బెరడుతో మూడు మిల్లీమీటర్ల మందం, అక్కడి నుంచి వాలుతూ కొసకు చేరేసరికి మిల్లీమీటరులో పదో వంతు. మధ్యలో కాస్త మందమైన గుండె, దానికి రెండు పక్కలా పలుచని భాగాలు. వెలుతురుకు పట్టి చూస్తే ఈ మందం తేడాలు నీడగా కనిపిస్తాయి, నారలు నిలువుగా ఒకే తీరున ఉన్నాయో లేదో తెలుస్తుంది.

రీడ్ మీద 2, 2½, 3 అని అంకెలు ముద్రిస్తారు. మందాన్ని బట్టి వేసిన అంకెలని చాలామంది అనుకుంటారు. కానీ ఒక రకం రీడ్‌లన్నీ ఒకే కోతకు కోసినవే. కోశాక ఒక్కోదాన్ని వంచి పరీక్షిస్తే, గడ్డి స్వభావాన్ని బట్టి కొన్ని గట్టిగా, కొన్ని మెత్తగా తేలతాయి. అంకె ఆ గట్టిదనానిది. ఒకే కాడలో పుట్టిన రెండు ముక్కలకు వేర్వేరు అంకెలు పడవచ్చు. కొస ఖాళీ ఎక్కువున్న మౌత్‌పీస్‌కు మెత్తటి రీడ్, ఖాళీ తక్కువున్నదానికి గట్టి రీడ్ అని మోటు లెక్క. ఇక్కడా నాదస్వరం పీకలో చూసిన బేరమే నడుస్తోందని గమనించండి.

రీడ్ బిగించడంలోనూ నేర్పుంది. ముందు నోట్లో తడపాలి, ఎండు రీడ్ కొస ముడుచుకుని అలలుగా ఉంటుంది. పీఠం మీద పెట్టి, ముందు నుంచి చూస్తే రీడ్ కొస పైన నల్లటి అంచు వెంట్రుకవాసి మాత్రమే కనిపించాలి. వెంట్రుకవాసి పైకి జరిపితే గట్టి రీడ్‌లా ప్రవర్తిస్తుంది, కిందికి జరిపితే మెత్తదిలా. కొత్త రీడ్ కొనకుండానే పావు అంకె మార్చుకున్నట్టు. తర్వాత లోహపు పట్టీని తొడిగి రీడ్ కదలనంతవరకే మరలు బిగించాలి, పిండకూడదు. సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష ఒకటుంది. మౌత్‌పీస్ వెనక రంధ్రాన్ని అరచేత్తో మూసి, ముందు నుంచి లోపలి గాలిని పీల్చేసి నోటి నుంచి తీయాలి. రీడ్ అంచులకు అతుక్కుపోయి, ఒకటి రెండు క్షణాలు ఆగి, టప్‌మని విడిపోతే పీఠం, అంచులు, రీడ్ వెనక భాగం అన్నీ చదునుగా ఉన్నట్టే. వెంటనే విడిపోతే ఎక్కడో గాలి కారుతోంది. చాలాసార్లు తప్పు రీడ్‌దే, తడిసి ఆరి వంకరపోయి ఉంటుంది. గాజు మీద ఉప్పుకాగితం పరిచి రీడ్ వెనక భాగాన్ని రెండు మూడుసార్లు రుద్దితే చాలావరకు బాగుపడుతుంది.

ఇప్పుడు శ్రుతి చేసే పని. దీని వెనక చక్కటి జ్యామితి ఉంది. శాక్సోఫోన్ లోపలి బోలు, నాదస్వరం బోలు రెండూ శంకువులే. క్లారినెట్ బోలు చాలావరకు సమవెడల్పు స్తూపం, గట్టిగా ఊదితే అది పై షడ్జానికి బదులు దాన్నీ దాటి పై పంచమానికి ఎగురుతుంది. శంకువు అలా కాదు, సరిగ్గా స్థాయికి స్థాయి పెరుగుతుంది. అందుకే నాదస్వరంలో, శాక్సోఫోన్‌లో మధ్య స్థాయికి, తార స్థాయికి దాదాపు ఒకే వేళ్ల పట్టు సరిపోతుంది. నాదస్వరంలో ఊపిరి, పెదవి బిగువు పెంచితే పైస్థాయి వస్తుంది. శాక్సోఫోన్‌లో బొటనవేలి మీట ఒక సూదిబెజ్జమంత రంధ్రం తెరిచి సాయం చేస్తుంది. కానీ ఊదాలంటే శంకువు కొస మొన తేలి ఉండకూడదు కదా. శనగల పొట్లం కొసను కత్తిరించినట్టు మొనను కత్తిరించి, అక్కడ మౌత్‌పీస్ తొడుగుతారు. కత్తిరించిన ఆ మొన లోపల ఎంత గాలి పట్టేదో, మౌత్‌పీస్ లోపల సుమారు అంతే పట్టాలి. అప్పుడే గొట్టం తనకు మొన ఉన్నట్టే భావిస్తుంది, రెండు స్థాయులూ ఒకదానితో ఒకటి పొసగుతాయి. లేని మొన స్థానాన్ని మౌత్‌పీస్ గది భర్తీ చేస్తోందన్నమాట. నాదస్వరంలో అదే పని సీవాళి, కెండై కలిసి చేస్తాయి. ఈ సంగతి తెలిశాక నాకు ఆ చిన్న ముక్కల మీద గౌరవం రెట్టింపయింది.

శాక్సోఫోన్ మెడ కొసన బెండు చుట్టి ఉంటుంది, దాని మీద మౌత్‌పీస్ జారుతుంది. లోపలికి తోస్తే గొట్టం పొట్టిదై శ్రుతి పెరుగుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది. పైకి సులువుగా ఉన్నా, శంకువు లెక్క ఇక్కడ పట్టుకుంటుంది. ఎక్కువ లాగితే మొన స్థానంలోని గాలి ఎక్కువవుతుంది, పొట్టి గొట్టంతో పలికే పై స్వరాలు కింది స్వరాలకంటే ఎక్కువ దిగిపోతాయి, స్థాయులు చెదురుతాయి. కాబట్టి ఒక్క స్వరాన్ని శ్రుతిపెట్టెతో కలిపి ఊరుకోకూడదు. వాద్యం ఊపిరికి వేడెక్కేదాకా కాసేపు వాయించాలి. గాలిలో ధ్వని వేగం డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది, చల్లటి గొట్టానికి చేసిన శ్రుతి పావుగంటకు పైకి పోతుంది. తర్వాత మధ్య స్థాయి షడ్జం, తార షడ్జం రెండూ వాయించి చూడాలి. రెండూ ఒకే మేర తేడాగా ఉంటే మౌత్‌పీస్ జరపాలి. పైది మాత్రమే ఎక్కువగా ఉంటే పెదవి పిసుకుతున్నట్టు, మౌత్‌పీస్‌ను కదిలించి లాభం లేదు. పెదవి బిగువు సరిచూసుకోవడానికి పాశ్చాత్య గురువులు చెప్పే పరీక్ష ఒకటి ఉంది. ఆల్టో మౌత్‌పీస్‌ను మెడ నుంచి తీసేసి ఒంటరిగా ఊదితే సెకనుకు 880 కంపనాలకు దగ్గరగా పలకాలి. అంతకు చాలా పైన పలికితే పెదవి కరుస్తోందని అర్థం.

మనకు అంతటితో ముగియదు. ఆల్టో శాక్సోఫోన్‌లో తేలికైన వేళ్ల పట్టుతో పలికే సి స్వరం నిజానికి మన రెండున్నర శ్రుతి షడ్జం, అంటే బారి నాదస్వరానికి దగ్గరగా వచ్చేదే. సెకనుకు 311 కంపనాలు. దాన్ని షడ్జం చేసుకుని హంసధ్వని ఎత్తుకున్నారనుకోండి. ఆ రాగంలోని అంతర గాంధారం షడ్జానికి ఒకటింబావు రెట్లు ఉంటే శ్రుతిలో కరిగిపోతుంది, సుమారు 389. శాక్సోఫోన్ మీటల్ని పాశ్చాత్యుల సమభాగ పద్ధతిలో అమర్చారు కాబట్టి ఆ మీట ఇచ్చేది 392. తేడా మూడే కంపనాలు. డప్పుల మధ్య ఎవరికీ తెలియదు. తంబురా పక్కన కూర్చుని గాంధారం మీద నిలబడితే చెవికి గరుకు తగులుతుంది. మూడు కంపనాల మేర కిందికి తేవడానికి మీట లేదు, మర లేదు. కింది పెదవిని కొద్దిగా వదిలి, గొంతును కొంచెం తెరిచి, రీడ్‌ను దించాలి. శ్రుతిమీటరు సూది మధ్యలో నిలిచిందని సంతోషపడే విద్యార్థి ఇక్కడే ఆగిపోతాడు. శ్రుతిపెట్టె పెట్టుకుని గాంధారం మీద పది నిమిషాలు నిలబడే విద్యార్థి ముందుకు వెళ్తాడు.

గమకం దగ్గరికి వస్తే కష్టం ఇంకా పెరుగుతుంది. నాదస్వరంలో రంధ్రాన్ని మూసేది వేలి కండ. వేలిని మెల్లగా దొర్లిస్తే స్వరం జారుతుంది. శాక్సోఫోన్‌లో వేలికీ రంధ్రానికీ మధ్య మీట, కడ్డీ, ప్యాడ్ ఉన్నాయి. ప్యాడ్ తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది. మీటను సగం నొక్కి కొంత సాధించవచ్చు గానీ, జారు, కంపితం ఎక్కువగా పెదవి, గొంతు మీదే పడతాయి. పెదవితో స్వరాన్ని ఎక్కువ దూరం లాగాలంటే రీడ్ మెత్తగా ఉండాలి, మౌత్‌పీస్ కొస ఖాళీ విశాలంగా ఉండాలి. అలా అమర్చుకుంటే గమకానికి చోటు దొరుకుతుంది, కానీ నిలకడ స్వరం పట్టుకోవడం కష్టమవుతుంది. రీడ్ గట్టిదైతే షడ్జ పంచమాలు రాయిలా నిలుస్తాయి, తోడి గాంధారం మాత్రం కదలనంటుంది. పాశ్చాత్య బ్యాండు కోసం రూపొందిన మౌత్‌పీస్ కొలతలు మన రాగాలను దృష్టిలో పెట్టుకున్నవి కావు. రెండు మూడు మౌత్‌పీస్‌లు, నాలుగైదు అంకెల రీడ్‌లు పెట్టుకుని వేటికి వేటిని జత చేస్తే తన పెదవికి లొంగుతుందో ప్రతి విద్వాంసుడూ స్వయంగా తేల్చుకోవలసిందే.

తేల్చుకున్నది కూడా శాశ్వతం కాదు. భాద్రపదంలో కాణిపాకం దగ్గర బాహుదా నది మీది నుంచి తేమగాలి వీచే రోజుల్లో రీడ్ నీళ్లు పీల్చి ఉబ్బి మందగిస్తుంది. చైత్రం, వైశాఖాల్లో చిత్తూరు ఎండకు అదే రీడ్ పావుగంటలో ఎండి కొస అలలు తిరుగుతుంది. అందుకని మంచి విద్వాంసులు ఒకే రీడ్‌ను అరిగేదాకా వాయించరు. మూడు నాలుగు రీడ్‌లను వంతులవారీగా వాడతారు. వాయించాక తుడిచి, గాజు పలక ఉన్న పెట్టెలో చదునుగా పెట్టి మెల్లగా ఆరనిస్తారు. కొత్త రీడ్‌ను మొదటిరోజు కొద్ది నిమిషాలే వాయిస్తారు, కింది స్వరాలే, మెల్లగా, రోజుకు కొంచెం పెంచుతూ. నారలు తడికీ ఆరడానికీ అలవాటు పడ్డాకే దాన్ని కచేరీకి తీసుకెళ్తారు. వారం పైన నడిచాక పైస్థాయి స్వరాలు బరువెక్కి, శ్రుతి కిందికి వాలడం మొదలవుతుంది. అప్పుడు కొసను వెంట్రుకంత కత్తిరించే చిన్న పరికరం ఉంది, దానితో మరికొన్ని రోజులు పొడిగించవచ్చు. నాదస్వరం ఆయన పీక విషయంలోనూ అంతే, కొస అరిగితే పదునైన కత్తితో అంచు సరిచేస్తాడు, ఇక లాభం లేదనుకున్నప్పుడు దారానికి కొత్తది కట్టుకుంటాడు.